బొమ్మని చూసేవాళ్లని చూసే బొమ్మ: పర్లాకిమిడి డైరీ

దసరా వెళ్లాక

పారిస్‌లో కే బ్రాన్లీ అని ఒక మ్యూజియం ఉంది. దానికోసం మానవశాస్త్రవేత్త దెనీ విదాల్, రోబోటిక్స్ ఇంజనీరు ఫిలిప్ గోసియే కలిసి 2011లో బెరెన్సన్ అనే రోబోని తయారుచేశారు. 2016లో అక్కడే జరిగిన ‘పెర్సోనా’ ప్రదర్శనలో అది జనం మధ్య తిరిగింది. పొడుగు కోటు, మెడకి స్కార్ఫు, నెత్తిన గుండ్రటి టోపీ, కంట్లో కెమెరా. వస్తువుల ముందు నిలబడ్డవాళ్ల మొహాలు చూస్తుంది. జనం మొహాలు విప్పారిన వస్తువు దగ్గరికి తనూ నవ్వుతూ వెళ్తుంది. మొహాలు ముడుచుకున్న చోటినుంచి తనూ మూతి ముడుచుకుని పక్కకి పోతుంది. అలా చూసీ చూసీ తనకంటూ ఒక అభిరుచి ఏర్పరచుకుంటుంది. ఇటలీ చిత్రాల మీద తీర్పులు చెప్పి పేరు తెచ్చుకున్న విమర్శకుడు బెర్నార్డ్ బెరెన్సన్ పేరే దీనికి పెట్టారు.

మేం చేస్తున్న రోబోకి అంత హోదా లేదు. పేరు అప్పన్న. పెట్టింది మా పిన్ని. కోటూ టోపీ బదులు ఎర్రంచు గమ్చా తలపాగా. దానికి అభిరుచి ఉండక్కర్లేదు. సవర గిరిజనులు వేసే బొమ్మల ముందు నిలబడ్డ మనిషికి లోపల ఏమవుతోందో కాస్తయినా పట్టుకోగలిగితే చాలు. చేసేది ఇద్దరం: నేను, సెలవులకి ఇంటికొచ్చిన మా మేనల్లుడు. వాడికి కోడు వచ్చు, నాకు టంకం వచ్చు.

సవర బొమ్మలే ఎందుకంటే మా ఊరు, ఒడిశాలోని పర్లాకిమిడి, నుంచి గుమ్మా, సెరంగో వైపు ఘాటీ ఎక్కితే అవే ఊళ్లు. గుణుపురం మీదుగా వెళ్తే పుట్టాసింగి. ఇంటి లోపలి గోడని ఎర్రమట్టితో అలికి, బియ్యప్పిండి నీళ్లలో వెదురు పుల్ల ముంచి వేస్తారు. ఇడితాల్ అంటారు. ముందు చౌకంగా అంచు కడతారు, అక్కణ్నించి లోపలికి నింపుకుంటూ వస్తారు. మనుషులు, సూర్యుడు, చంద్రుడు, ఏనుగు, గుర్రం, దువ్వెన. తర్వాత్తర్వాత సైకిలు, రైలు, విమానం, తుపాకీ పట్టుకున్న పోలీసు కూడా చేరారు. మహారాష్ట్ర వార్లీ బొమ్మలతో పోల్చేస్తుంటారుగానీ, వార్లీ మనిషి మొండెం రెండు త్రికోణాలు మొనకి మొన తగిలించినట్టు ఉంటుంది. సవర మనిషి పొడుగ్గా సాగి ఉంటాడు, మొనలు అంత వాడిగా ఉండవు.

ఒకటి మొదట్లోనే తేల్చుకున్నాం. ఇంట్లో పూజకి వేసిన ఇడితాల్ ముందు కెమెరా పెట్టేది లేదు. అమ్మకానికి గుడ్డ మీద వేసినవి ఆరు తెచ్చుకున్నాం. వేసినాయన గుణుపురం అవతలి ఊరాయన. తెలుగు, ఒరియా, సవర మూడూ ధారాళంగా మాట్లాడతాడు. ఆయన్ని ఈ డైరీలో చిత్రకారుడుగారు అనే అంటాను.

కార్తీకం

తల తయారు. బుడగ ఊది, మైదా జిగురుతో ఒరియా పేపరు ఒక పొర, తెలుగు పేపరు ఒక పొర. కళ్లకి 1.28 అంగుళాల గుండ్రటి ఎల్‌సీడీలు రెండు. పాత కూలరు స్టాండు మీద పీవీసీ గొట్టం నిలబెడితే మొండెం అయిపోయింది.

మెడతోనే తిప్పలు. నీలం రంగు చిన్న సెర్వో (చెప్పిన కోణానికి తిరిగి ఆగే మోటారు), అందరూ కొనే ఎస్‌జీ90, పెట్టి రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటరు పిన్ను నుంచి నేరుగా తిప్పితే సన్నిపాతం కమ్మినవాడిలా తల వణికింది. సెర్వోకి ప్రతి 20 మిల్లీసెకన్లకీ ఒక పల్సు అందాలి. ఆ పల్సు ఒక మిల్లీసెకనా, ఒకటిన్నరా, రెండా అన్నదాన్ని బట్టి మెడ ఏ కోణంలో ఆగాలో తేలుతుంది. ఈ ‘పై’ మీద మొహాలు గుర్తించే ప్రోగ్రాము కూడా నడుస్తుంటే ఆ కొలత అటూ ఇటూ అయిపోతుంది. పీసీఏ9685 అనే బోర్డు మధ్యలో పెట్టాక వణుకు పోయింది. పల్సుల సంగతంతా అదే చూసుకుంటుంది, పై ఒక్కసారి కోణం చెప్పి ఊరుకుంటే చాలు. కాగితం తలైనా తలపాగాతో కలిపి బరువుంది కాబట్టి లోహపు పళ్ల ఎంజీ996ఆర్ వేశాం. సెర్వోలకి కరెంటు విడిగా ఇచ్చి గ్రౌండు మాత్రం పైతో కలిపాం. లేకపోతే అప్పన్న తల తిప్పినప్పుడల్లా పై రీస్టార్టవుతుంది. ఇది ఇలాంటి పనులు చేసే ప్రతివాడికీ తెలిసిందే, అయినా రాసి ఉంచుతున్నా.

కనుబొమలకి రెండు చిన్న సెర్వోలు. నవ్వు కళ్లలోనే చూపిస్తాం, నోరు కదలదు.

మార్గశిరం

మొహం చదివించడం మొదలుపెట్టాం. మేనల్లుడు ముందు తీసుకున్నది ఎఫ్‌ఈఆర్ 2013 అనే ఫొటోల కట్ట మీద నేర్పిన మోడలు, అంటే మొహం చూసి భావం పేరు చెప్పే ప్రోగ్రాము. అందులో 35,887 బొమ్మలు, ఒక్కొక్కటీ 48 చుక్కలు అడ్డం 48 చుక్కలు నిలువు, నలుపు తెలుపు. వాటికి ఏడు పేర్లు: కోపం, అసహ్యం, భయం, సంతోషం, దుఃఖం, ఆశ్చర్యం, ఏమీలేదు. అసహ్యానికి ఉన్నవి 547 ఫొటోలే. ఈ ఫొటోలు చూపించి మనుషుల్నే పేరు చెప్పమంటే నూటికి అటూ ఇటూగా 65 సరిపోతాయి. గురువే అంతంత మాత్రం, ఇక శిష్యుడి సంగతి చెప్పాలా?

ఇంట్లోవాళ్లని, ఇరుగుపొరుగుని గుడ్డ బొమ్మ ముందు నిలబెట్టి చూశాం.

పక్కింటి మామ్మగారు కిల్లీ నములుతూ నిలబడ్డారు. మోడలు కోపం అంది. దవడ ఆడినప్పుడల్లా కోపం, ఆగినప్పుడు దుఃఖం. మా పిన్ని ఆ ఏనుగుని చూసి పకపకా నవ్వింది. నవ్వొచ్చిందంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం ఆవిడకి అలవాటు. సరిగ్గా నవ్విన క్షణానికే మొహం మాయం, స్క్రీను మీద ‘మొహం లేదు’. అంటే అన్నిటికన్నా గట్టిగా స్పందించిన మనిషి లెక్కలో సున్నా. మగవాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని, ‘ఏమీలేదు’ మొహంతో నిలబడి, బయటికెళ్లాక అరుగు మీద కూచుని అరగంట సేపు ఆ బొమ్మ గురించే మాట్లాడుకున్నారు.

మీడియాపైప్ అనే గూగుల్ ప్రోగ్రాము పెట్టి చూశాం. అది మొహం మీద 478 చుక్కలు పట్టుకుని, పెదవి చివర ఎంత లేచింది, కనుబొమ లోపలి కొస ఎంత కదిలింది అని 52 అంకెలిస్తుంది. భావానికి పేరు పెట్టదు, కదలికని మాత్రమే చెబుతుంది. నాకు ఇదే నచ్చింది. పేరు పెట్టే చోటే చిక్కంతా. అమెరికన్ మనోవిజ్ఞాని పాల్ ఎక్మన్, ఫ్రీసెన్‌తో కలిసి 1978లో మొహం కండరాల కదలికలకి పట్టిక తయారుచేసిననాటి నుంచి కదలిక పట్టుకుంటే భావం దొరికినట్టేనని చాలామంది అనుకున్నారు. 2019లో లీసా ఫెల్డ్‌మన్ బారెట్, ఇంకొందరు మనోవిజ్ఞానులు అప్పటిదాకా జరిగిన పరిశోధనలు చాలా తిరగేసి, మొహం ఒక్కదాన్నే చూసి లోపలి భావం ఫలానా అని నమ్మకంగా చెప్పలేమని తేల్చారు. కోపమొచ్చిన మనిషి ప్రతిసారీ బొమలు ముడవడు, ముడిచిన ప్రతివాడికీ కోపం వచ్చిందనీ కాదు. ఇది మామ్మగారి కిల్లీ ముందే చెప్పింది.

మేనల్లుడికి ఇంకో ఆలోచన వచ్చింది. “మామయ్యా, ఈ ఏడూ తీసేసి నాట్యశాస్త్రంలో స్థాయీభావాలు, అదే నటనకి మూలమైన భావాలు, ఎనిమిదీ పెడదాం. రతి, ఉత్సాహం ఇందులో లేనేలేవు కదా.” మాట నిజమే, ఉత్సాహం లేని పట్టికతో బొమ్మలు చూసేవాళ్లని కొలవడం అన్యాయం. కానీ గదుల పేర్లు మార్చినా చదవాల్సింది ఆ మొహాన్నే. పైగా భరతుడు ఆ ఎనిమిదీ చెప్పింది ఆడేవాడు చూపించాల్సిన వాటికి. రంగస్థలం మీదివాడు దాచడు, పైకి చూపడమే వాడి పని. మన మామ్మగారు నటి కాదు. కాబట్టి వద్దన్నాను. రెండు రోజులు మూతి ముడుచుకున్నాడు. అది చదవడానికి మోడలేమీ అక్కర్లేకపోయింది.

చేతికి సెన్సర్లు తొడిగే దారి కూడా ఉంది. 2009లో స్విట్జర్లాండు సెంట్ గాలెన్ మ్యూజియంలో మార్టిన్ ట్రోండ్లె బృందం వందలమంది సందర్శకులకి గ్లవ్సు తొడిగించి, గుండె వేగం, చర్మం చెమర్చడం, ఏ బొమ్మ ముందు నిలబడ్డారు అన్నీ కలిపి రాబట్టింది. మా ఊళ్లో ముందు గ్లవ్సు ఎందుకో చెప్పి ఒప్పించాలి. అయ్యేపని కాదని వదిలేశాం.

పుష్యం, హాల్లో

పుష్యంలో ముహూర్తాలుండవు కాబట్టి కల్యాణమండపం ఖాళీ. అద్దె బాగా తగ్గించారు. ఆరు గుడ్డలూ ఒక గోడకి, మధ్యలో అప్పన్న. గుమ్మం దగ్గర తెలుగులో, ఒరియాలో బోర్డు: ఫొటో దాచం, పేరు అడగం, అంకెలు మాత్రమే రాసుకుంటాం, ఇష్టం లేనివాళ్లు ఎడమవైపు నుంచి వెళ్తే కెమెరా చూడదు. పై లోపల ప్రతి ఫ్రేమూ చూసిన వెంటనే పారేస్తుంది. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల సమాచారం తీసుకోవాలంటే తల్లో తండ్రో ఒప్పుకోవాలి. అందుకని పిల్లల్ని ఎడమవైపుకే పంపించాం. వాళ్లకి అదే అన్యాయంగా తోచింది, అప్పన్నని చూడ్డానికే వచ్చారు మరి.

కెమెరాలో అడ్డంగా నల్ల చారలు పాకుతున్నాయి. పాత ట్యూబులైట్లు. మన కరెంటు 50 హెర్ట్జులు కాబట్టి ట్యూబు సెకనుకి నూరుసార్లు మినుకుమంటుంది. మన కంటికి తెలీదు, వరస తర్వాత వరస చదివే కెమెరాకి తెలుస్తుంది. ఎక్స్‌పోజరు ఆటోమేటిక్ తీసేసి సరిగ్గా 10 మిల్లీసెకన్లకి కట్టేస్తే చారలు పోయాయి. మబ్బు పట్టిన రోజు 20. ఈ రెండు తప్ప మధ్యలో ఏది పెట్టినా మళ్లీ చారలే.

ఇక అసలు సంగతి. మొదటిరోజు సంతోషం గ్రాఫు ఆకాశానికి వెళ్లింది. మేనల్లుడు గంతులేశాడు. ఆ నవ్వులన్నీ అప్పన్నకి. ఒక పెద్దాయన వచ్చి, బొమ్మ వైపు తిరిగి, మళ్లీ అప్పన్న వైపు తిరిగి, “ఏట్రా బాబూ ఇది! బొమ్మని సూడమని పిలిసి, ఇది నన్ను సూస్తందేటి?” అన్నాడు. దానికి అప్పన్న కనుబొమలు ఎగరేశాడు. హాలంతా గొల్లుమంది. ఆ గుడ్డ మీద ఏముందో ఆ పూట ఎవరికీ పట్టలేదు.

సగంమందికి అప్పన్న కళ్లు ఆర్పేసి, సగంమందికి వెలిగించి చూశాం. వెలిగి ఉన్నప్పుడు చూపులు అప్పన్న మీద, ఆరి ఉన్నప్పుడు ‘పాడైందా బాబూ’ అని జాలి. ఎలా చూసినా అప్పన్నే కథానాయకుడు.

మరుసటి పూట వాడి మెడ గోడకి తిప్పేశాం. కెమెరా విప్పి గుడ్డ పైనున్న కొయ్య అంచుకి బిగించాం. అప్పన్న ఇప్పుడు జనాన్ని చూడడు, జనంతో పాటు బొమ్మని చూస్తాడు. మనిషి తల ఏ మూలకి తిరిగితే కాస్త ఆగి వాడూ ఆ మూలకే తల తిప్పుతాడు. మొహం తిరిగిన దిక్కు కెమెరాకి తెలుస్తుంది. కంటి చూపు సూటిగా ఎక్కడ పడిందో రెండు మీటర్ల దూరం నుంచి ఈ కెమెరాతో పట్టడం కుదరదు, దాని జోలికి పోలేదు. దీనితో హాలు తీరే మారిపోయింది. జనం ఓసారి అప్పన్నని చూసి, వాడు ఎటు చూస్తున్నాడా అని బొమ్మ వైపు తిరుగుతున్నారు, తిరిగి అక్కడే ఉండిపోతున్నారు. ఇద్దరు ఆడవాళ్లయితే ఒరియాలో వాడికి బొమ్మ వివరించడం మొదలుపెట్టారు: ఇదిగో ఇది చంద్రుడు, ఇది చూడు.

మొహం అంకెలు తీసేశాం. ఇప్పుడు రాసుకుంటున్నవి ఎంతసేపు నిలబడ్డారు, ఎంత దగ్గరికి వచ్చారు, మొత్తం చూశాక మళ్లీ ఏ బొమ్మ దగ్గరికి వెనక్కి వచ్చారు. దూరం కొలవడానికి వీఎల్53ఎల్1ఎక్స్ సెన్సరు. లేజరు వెళ్లి తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి నాలుగు మీటర్ల దాకా చెబుతుంది. నల్లశాలువా కప్పుకున్నవాళ్ల దగ్గర తడబడుతుంది, చలికాలం కాబట్టి అది తరచూ జరుగుతోంది.

సంక్రాంతి వెళ్లాక

చిత్రకారుడుగారు చూడ్డానికి వచ్చారు. అప్పన్న చుట్టూ ఒకసారి తిరిగారు. మేం చేసేది చెప్పాం: బొమ్మ చూసినవాళ్లకి ఏమనిపించిందో ఇది కనిపెట్టాలని. ఆయనకి ఆశ్చర్యమేమీ కలగలేదు.

“మాకాడ అడుగుతారు కదా బాబూ,” అన్నారు.

ఇంట్లో ఇడితాల్ వెయ్యడం పూర్తయ్యాక పూజారి, కుడన్ అంటారు, పెద్దల్ని పిలుస్తాడు. ఎవరికోసం వేశారో వాళ్లని, చనిపోయినవాళ్లని. వాళ్లు అతని మీదికి వచ్చి బొమ్మ చూస్తారు. బాగుందంటారు, లేకపోతే ఫలానాది లేదంటారు, గుర్రం కావాలంటారు. వేసినతను అప్పటికప్పుడు పుల్ల ముంచి అది కలుపుతాడు. వెరియర్ ఎల్విన్ కూడా 1950ల్లో సవరల మతం మీద రాసిన పుస్తకంలో ఇలాగే నమోదు చేశాడు. చూసేవాడి మొహాన్ని ఎవరూ చదవరు. ఆ చూసేవాడికి మొహమే లేదు. ఏం తక్కువైందో అడుగుతారు, చెప్పింది బొమ్మలో చేరుస్తారు.

ఇన్నాళ్లుగా మేం వెతుకుతున్న ప్రశ్న ఇదే. ‘ఎలా ఉంది’ అని అడిగితే మా ఊళ్లో అందరూ ‘బావుంది’ అంటారు, మర్యాద. ‘ఇందులో ఏం తక్కువైంది’ అంటే ఊరుకోరు.

అప్పన్నకి చిన్న స్పీకరు పెట్టి, మా పిన్ని గొంతుతో ఆ ఒక్క ప్రశ్న తెలుగులో, చిత్రకారుడుగారి గొంతుతో ఒరియాలో, సవరలో రికార్డు చేశాం. మనిషి తిరిగి వెళ్లబోతుంటే అప్పన్న తల వంచి అడుగుతాడు. జవాబులు మైకు వినదు, మేనల్లుడు పక్కన కూచుని నోటుపుస్తకంలో రాస్తాడు.

రైలున్న గుడ్డ ముందు ఒకావిడ నిలబడింది. డెబ్భై దాటి ఉంటాయి. ముందు రోజుల్లో అయితే మోడలు ఆవిడకి ‘ఏమీలేదు’ అని రాసుండేది. కనుబొమ కదల్లేదు. అప్పన్న అడిగాడు. ఆవిడ వాడి వైపు చూడకుండానే, “పొగేదిరా?” అంది. రైలుకి పొగ లేదు. కాసేపాగి, నౌపడా చిన్న రైలు అంది. చుక్కల్లా బొగ్గు కళ్లల్లో పడేదంది. గుణుపురం సంతకి నాన్నతో వెళ్లినప్పుడు ఆయన తన పైపంచెతో మొహం కప్పేవాడంది. పొగ లేకపోతే అది మన రైలు కాదంది. నౌపడా–పర్లాకిమిడి నేరోగేజి 1900లో మహారాజా వారు వేయించింది, తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. 2004లో మూసి, బ్రాడ్‌గేజి చేసి 2011 నాటికి తెరిచారు. ఈ తరంవాళ్లకి దాని పొగ తెలీదు. మేనల్లుడు నోటుపుస్తకంలో ‘పొగ’ అని ఒక్క మాట రాసి ఆగిపోయాడు.

తర్వాత జవాబులు వరస కట్టాయి. ఆవులకి దూడ లేదు. ఇంతమంది డాన్సు చేస్తున్నారుగానీ వంట చేసేది ఎవరు? నది ఉండాలి. పోలీసు ఎందుకు, తీసెయ్యండి. ఒక కుర్రాడు ‘ఏమీ తక్కువ లేదు’ అని, వెళ్లి, మళ్లీ వచ్చి, ‘మా అన్న’ అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ జవాబుని ఏ గదిలో వెయ్యాలో మేం చర్చించలేదు.

నేను గమనించిన సంగతి: ఎక్కువసేపు నిలబడ్డవాళ్లే పొడుగు జవాబులు చెప్పారనేం లేదు. వెనక్కి తిరిగొచ్చినవాళ్లు మాత్రం దాదాపు అందరూ ఏదో ఒకటి కావాలన్నారు. ఇంత కొద్దిమందితో సూత్రం కట్టకూడదు. కానీ తదుపరి విడతలో వెనక్కి రావడాన్నే ముఖ్యంగా కొలుస్తాం.

ఇక్కడ యార్బస్ గుర్తొస్తాడు. ఆ రష్యన్ శాస్త్రవేత్త 1967లో అచ్చయిన ఇంగ్లీషు పుస్తకంలో రష్యన్ చిత్రకారుడు రేపిన్ వేసిన ఒకే చిత్రం మీద ఒకే మనిషి చూపుల జాడలు గీసి చూపాడు. వీళ్ల వయసెంతో చెప్పమంటే చూపు మొహాల మీద తిరిగింది, వీళ్లు ఉన్నవాళ్లో లేనివాళ్లో చెప్పమంటే బట్టల మీద, సామాను మీద. ప్రశ్నని బట్టే చూపు. మరి మా ప్రశ్న విన్నవాళ్లు బొమ్మ చూసే తీరు మారదా? తప్పకుండా మారుతుంది. అందుకే అప్పన్న బయల్దేరేటప్పుడు అడుగుతాడుగానీ వచ్చేటప్పుడు అడగడు. గుమ్మం దగ్గర ముందు వెళ్లినవాళ్లు వచ్చేవాళ్లకి ప్రశ్న చెప్పేస్తున్నారు, దానికి మాత్రం విరుగుడు లేదు.

మాఘం

మాఘంలో పెళ్లిళ్లు మొదలు, హాలు ఖాళీ చేశాం. అప్పన్న మా వరండాలో ఉన్నాడు, తలపాగా ఉతికి ఆరేశారు.

చెయ్యాల్సినవి. నల్లశాలువా సమస్యకి రెండో సెన్సరు, అల్ట్రాసౌండ్‌ది, పక్కన పెట్టి పోల్చి చూడాలి. ఎండలు ముదిరేలోగా పై మీద ఫ్యాను బిగించాలి, 80 డిగ్రీలు దాటితే అది తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, అప్పుడు అప్పన్న మెడ జనం కన్నా వెనకబడుతుంది. పిన్ని గొంతులో ప్రశ్న చివర ‘అమ్మా’ అని ఉంది. మగవాళ్లు వెనక్కి తిరిగి చూస్తున్నారు. అది తీసేసి మళ్లీ రికార్డు చెయ్యాలి.

చిత్రకారుడుగారికి నోటుపుస్తకం చదివి వినిపించాం. అదే ఆరు గుడ్డల మీద కొన్ని చేరుస్తానన్నారు. దూడ, నది, వంట చేసే మనిషి. పోలీసుని మాత్రం తియ్యరట. “ఉన్నాడు కదా, ఎలా తీస్తాం?” అన్నారు. చేర్చిన ప్రతిదానికీ మామూలు రేటే కట్టిద్దామని మేం ముందే అనుకున్నాం, అడ్వాన్సు ఇచ్చేశాం. పొగ గురించి అడిగారు, రైలుకి ఏ వైపు పోవాలని. పొగ వెనక్కి పోవాలంటే ముందు రైలు ఎటు వెళ్తోందో తెలియాలి, గుణుపురం వైపా, నౌపడా వైపా. ఆ ఇల్లు ఎక్కడో మేనల్లుడికి తెలుసు. కనుక్కోవడానికి వాణ్ని పంపిస్తున్నా.